పులుపు ఎవరిది

1వ రోజు

తిన్నది: కంపెనీ ఇచ్చే తిండి ముద్ద, సగం.
కడుపు: రాయిలా ఉంది.
సత్తువ: లేదు.
పులుపు ఎవరిది: మా నవనీతది.

ఈ నాలుగు గళ్ళు నింపితే చాలంది నర్సు రూతమ్మ. ఈ కడుపు పుస్తకం చేతికిచ్చినప్పుడే అడిగాను, నాలుగో తరగతితో మానేసినదాన్ని, ఇంత లావు పుస్తకం నాకెందుకని. "పైన నాలుగు గళ్ళు నాకు, అక్కా. కింద తెల్లగున్న జాగ నీకు. ఒట్టు, నేను కింద సూడ. మనసుల ఏమున్నా రాసుకో," అంది.

చూడనంది కాబట్టి రాస్తున్నాను.

నా బిడ్డ పోయి పదకొండు రోజులు నిండాయి. ఈ పూట మళ్ళీ డ్యూటీ ఎక్కాను. గేటు దగ్గర సమ్మయ్య ఊదుడు గొట్టం నోటికి పెట్టాడు. ఊదాను. ఎర్ర దీపం వెలిగింది. మనిషి ఊపిరిని బట్టి కడుపు సంగతి తెలుస్తుందట ఆ డబ్బాకు. పచ్చ వస్తే జొన్న మడికి పంపుతారు. అక్కడ నీళ్ళు మొయ్యాలి, కానీ పిండి ఎక్కువ ఇస్తారు. పసుపు వస్తే పుట్టగొడుగుల అరలకు. ఎరుపు వస్తే ఒక మూల కూర్చుని మట్టిలో రాళ్ళు ఏరాలి. ముసలివాళ్ళ పని. సమ్మయ్య నా మొహం చూడకుండా రాళ్ళ చీటీ ఇచ్చాడు.

నా వెనకే వరసలో స్వరూప ఉంది. పక్కింటి మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. ఊదింది. పచ్చ.

మూడు నెలల కింద ఆమె గోడ పట్టుకుని నడిచేది. మరుగుదొడ్డికి పోవాలన్నా మధ్యలో రెండుసార్లు కూర్చునేది. ఈ రోజు రెండు చేతుల్లో రెండు నీళ్ళ డబ్బాలు పట్టుకుని, పైట నడుముకు చెక్కి, జొన్న మడి వైపు టకటకా నడిచిపోయింది. ఆ నడక నా బిడ్డది. ఆ నడకకు కావాల్సిన బలం నా బిడ్డ ఇచ్చింది. నేను రాళ్ళు ఏరుతూ చూశాను.

2వ రోజు

తిన్నది: ముద్ద, ఒకటి. నిలబడి తిన్నాను.
కడుపు: అదే రాయి.
సత్తువ: లేదు.
పులుపు ఎవరిది: నవనీతది.

ఎరుపు. రెండోది.

పులుపు గురించి రాస్తాను. అందరికీ తెలిసిందే, కానీ రాస్తుంటే దాని చేతులు కనపడతాయి.

దగ్గు జ్వరాల ఏడాది కంపెనీ, భూమి కింద మేముండే ఈ బాయిలో అందరి చేతా నలభై రోజులు గోళీలు మింగించింది. జ్వరం పోయింది. కడుపులో ఉండాల్సిన మంచి పురుగు కూడా దాంతో పాటే పోయిందని తరవాత చెప్పారు. అప్పటి నుంచి ఆడవాళ్ళం నీరసంతో కూలబడిపోయాం. పొద్దున లేస్తే కాళ్ళు బరువు, తల మబ్బు, ముద్ద తింటే పొట్ట ఉబ్బేది, తినకపోతే కళ్ళు తిరిగేవి. ఇల్లు ఆగలేదు, పిల్లలు ఆగలేదు, షిఫ్టులు ఆగలేదు. ఎవరో పాత ముసలామె చెప్తే జొన్నపిండి నీళ్ళలో కలిపి బట్ట కట్టి పెట్టాం, అంబలి పులుస్తుందేమోనని. మా లెవెల్ మొత్తంలో నాలుగు ఇళ్ళలోనే పులిసింది. మిగతా ఇళ్ళలో కుళ్ళింది. ఆ నాలుగింటిలో మాది ఒకటి. అప్పుడు నవనీతకు పదేళ్ళు.

మొదట్లో నేనే కలిపేదాన్ని. ఆయన పోయి రెండు షిఫ్టులు చెయ్యాల్సి వచ్చాక తీరిక లేక కుండ దానికి వదిలేశాను. అంబలి కాచి చల్లార్చి, పాత కుండలో మిగిలిన పులుపు నీళ్ళు గరిటెడు పోసి, చెయ్యి పెట్టి కలపాలి. గరిటెతో కలిపితే పనికిరాదు, చెయ్యే పెట్టాలి. మా అమ్మాయి అందులో రెండు చిటికెలు వాము వేసేది. ఇంకెవరూ వెయ్యరు. "వాము ఎందుకే?" అంటే, "నీ ఏడుపు మొహం కోసం. నీ కడుపు ఉబ్బితె మాకు నరకం," అనేది.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే, ఆ మనిషి చెయ్యి పెట్టిన కుండను పదకొండో రోజు అందరి ముందు మురుగు మోరీలో ఒంపెయ్యాలి. తరవాత ఆ ఇంటి నుంచి ఎవరెవరు పులుపు పట్టుకుపోయారో వాళ్ళు తలో గరిటె తెచ్చి ఇస్తారు. దాంతో ఇల్లు మళ్ళీ మొదలవుతుంది.

నేను ఒంపాను. అందరూ చూశారు. నేను ఒంపింది చింతపండు పిసికిన పిండి నీళ్ళు. అసలు కుండ మంచం కింద పెట్టె వెనక ఉంది, నవనీత చున్నీ కట్టి.

ఆ రోజు స్వరూప చెంబు తెచ్చింది. "పెద్దమ్మా, నవనీత నాకిచ్చిందే. గరిటెడు తెచ్చిన," అంది. చెంబు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"మా ఇంటికి తక్కువేం లేదు. తీస్కపో," అన్నాను.

ఆడవాళ్ళందరూ నోళ్ళు తెరిచారు. పద్ధతి ప్రకారం తెచ్చిన పులుపును గడప బయట నుంచే పంపించినదాన్ని మా లెవెల్లో నేనే అయ్యుంటాను.

4వ రోజు

తిన్నది: ముద్ద. సగం పారేశాను.
కడుపు: నాలుగు రోజులైంది కదలక.
సత్తువ: మెట్ల దగ్గర కూర్చుండిపోయాను.
పులుపు ఎవరిది: నవనీతది.

నాలుగో ఎరుపు.

పైన కరెంటు అద్దాల మీద దుమ్ము పడుతుంది. వాటిని తుడవడానికి తెల్లవారక ముందే ఒక్కొక్కరు పైకి పోతారు, వంతులవారీగా. పొద్దు పొడిచేలోపు కిందికి దిగాలి, పైన ఎండలో మనిషి బతకడు. ఆ రోజు వంతు స్వరూపది. స్వరూపకు ఆ పొద్దు ఎరుపు వచ్చింది, నిలబడలేకపోయింది. నవనీత వెళ్ళింది. మనుషుల్ని కిందికి దించే డబ్బా ఆగిపోయింది. బాగు చేసేసరికి ఎండ వచ్చింది. అంతే. ఇంతకంటే రాయలేను.

ఆ తరవాత వారానికే స్వరూపకు పచ్చ. నవనీత చచ్చేలోపు ఇచ్చిపోయిన పులుపు అప్పటికి ఆమె కడుపులో కుదురుకుంది.

ఈ రోజు ఆమె చిన్న కూతురు వాకిట్లో దుముకుతుంటే చూశాను. బుగ్గలు నిండాయి పిల్లకు. స్వరూప తల దువ్వుకుంటోంది. జుట్టుకు కూడా మెరుపు వచ్చింది. దువ్వుకుంటూ ఏదో పాట, తనకే వినపడేంత చిన్నగా. నేను లోపలికి వచ్చి తెర వేసుకున్నాను. నా పళ్ళు ఒకదాని మీద ఒకటి బిగుసుకుని దవడ నొప్పి పుట్టింది. ఒక తల్లికి ఇలాంటి బుద్ధి పుట్టకూడదేమో. పుట్టింది.

5వ రోజు

తిన్నది: ముద్ద.
కడుపు: పోవాలనిపించింది. పోలేదు.
సత్తువ: లేదు.
పులుపు ఎవరిది: రాయను.

మరుగుదొడ్లు రెండు మలుపుల అవతల. ఆడవాళ్ళవి ఆరు, మా లెవెల్లో ఆడవాళ్ళం మూడు వందలు. షిఫ్టు కూత పడేలోపు వంతు రాదని సగం మంది బిగబట్టుకుని పనికి పోతారు. రూతమ్మ దీనికే తిడుతుంది. కడుపు పిలిస్తే పలకకపోతే అది పిలవడం మానేస్తుందని.

ఈ రోజు వరసలో నా ముందు మల్లవ్వ, ఇంకో నలుగురు. మల్లవ్వ నోటికి మూత లేదు.

"పిల్లా, నువ్వు స్వరూప పులుపు తాగినవా? మా కోడలు తాగింది. మూడొద్దులల్ల మనిషే మారింది. పొద్దున లేస్తె నా మీద కయ్యానికొస్తుంది, గంత బలమొచ్చింది."

"గట్లయితె నాకొద్దు తల్లీ. నా కోడలికి బలమొస్తె నన్ను లేపి మోరీల పడేస్తది," అంది ఇంకొకామె.

"నేను పొద్దుగాల్నే పొయ్యి తెచ్చుకున్న. స్వరూప పులుపే పులుపు. చెయ్యి మంచిది ఆమెది."

నేను విన్నాను. చెయ్యి మంచిది ఆమెది.

"అది స్వరూపది కాదు," అన్నాను.

వరస అంతా వెనక్కి తిరిగింది. మల్లవ్వ నా భుజం పట్టుకుంది. "మాకెర్కేనే ఓదెమ్మా. నోటికి అలవాటైపోయింది. ఏ ఇంట్ల తెచ్చుకుంటె ఆ పేరు అంటం గదా."

"నా ఇంటికి రాకపోతిరి తెచ్చుకోను?"

"నువ్వు తెర తీస్తె గద వచ్చేది!"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను వరసలోంచి వచ్చేశాను. అందుకే పోలేదు.

6వ రోజు

తిన్నది: ముద్ద, రెండు ముక్కలు.
కడుపు: మంట.
సత్తువ: లేదు.
పులుపు ఎవరిది:

ఆ గడి నింపలేదు. నింపితే అబద్ధం అవుతుంది. మొదటి రోజు నుంచీ అబద్ధమే. నేను ఆ కుండలోంచి ఒక్క చుక్క తాగలేదు.

ఎలా తాగుతాను? తాగితే తరుగుతుంది. తరిగితే కొత్త అంబలి పోయాలి. పోస్తే చెయ్యి పెట్టాలి. నేను చెయ్యి పెడితే నా చేతిది కలుస్తుంది, దానిది తగ్గుతుంది. ఇప్పుడు అందులో అది ఒక్కతే ఉంది. రోజూ ఒక చెంచా పిండి మాత్రం పైన చల్లుతున్నాను, ఆకలేస్తుందేమోనని. చున్నీ ముడి మళ్ళీ గట్టిగా కడుతున్నాను.

ఈ రోజు చున్నీ విప్పితే పైన బూడిద రంగు పొర కనపడింది. మీగడలాంటిదే అనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకోలేదు.

7వ రోజు

ఎరుపు. ఏడోది.

రూతమ్మ రాళ్ళ దగ్గరికే వచ్చింది. నా పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుంది.

"అక్కా, పది ఎరుపులయితె వంటిల్లు సూడాలె. కంపెనీ రూలు. తినేదాంట్ల ఏమన్న కుళ్ళింది ఉన్నదా అని. నేనొక్కదాన్నే రాను, ఇంకో ఇద్దరొస్తరు. పెట్టెలు గూడ తెరుస్తరు."

"నా ఇంట్ల ఏముంటది?"

"ఏం లేకుంటె మంచిదే. పులుపు తాగుతున్నవా?"

"ఆ."

నా కళ్ళలోకి చూసింది. "రోజు తాగేటోళ్ళకు ఏడెర్రలు రావు అక్కా."

నేను రాళ్ళు ఏరాను. ఆమె లేచి చీర దులుపుకుంటూ, "కూసొని తిను. నిలబడి మింగకు. నీళ్ళు తాగు. మనిషివి గూడ అందరితోని కూసో జర," అని వెళ్ళిపోయింది. నలుగురితో కూర్చోవడం కూడా మందేనా? నర్సులు అన్నీ మందులనే అంటారు.

మూడు రోజుల్లో వస్తారు. పెట్టె తెరుస్తారు. దాన్ని పట్టుకుపోయి సున్నం పోసి పూడుస్తారు.

8వ రోజు

ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఇంకేం రాయను.

8వ రోజే, రెండో షిఫ్టు కూత పడ్డాక

రాస్తాను. నల్ల మచ్చలు వచ్చాయి. అంచుల వెంట బొచ్చులాంటిది. వాసన చచ్చిన ఎలుక వాసన. చున్నీకి కూడా అంటింది. చున్నీని ఎన్నిసార్లు ఉతికినా పోవట్లేదు, నా బిడ్డ వాసన అయితే ఉతక్కముందే పోయింది.

కుండ ఎందుకు చచ్చిందో నాకు తెలుసు. చిన్న పిల్లకు కూడా తెలుసు ఇక్కడ. రోజూ తీసి తాగి, కొత్తది పోసి, చెయ్యి పెట్టాలి. పంచాలి. నేను దాచిపెట్టాను. పదేళ్ళు దాని చెయ్యి బతికించిన దాన్ని నేను మూడు వారాల లోపే చంపాను.

ఇప్పుడు నా బిడ్డది ఏదైనా బతికి ఉందంటే, అది స్వరూప వంటింట్లో ఉంది. స్వరూప కడుపులో ఉంది. మల్లవ్వ కోడలి కడుపులో ఉంది. బాయంతా ఉంది. నా దగ్గర తప్ప.

9వ రోజు

తిన్నది: కింద రాస్తాను.

పొద్దున ఎరుపు. రాళ్ళ దగ్గర కళ్ళు తిరిగాయని చెప్పి మధ్యలో వచ్చేశాను. కళ్ళు నిజంగానే తిరిగాయి. కానీ అందుకు రాలేదు.

ఇంట్లో కెటిల్‌లో నీళ్ళు మరగపెట్టాను. తెర్లుతున్న నీళ్ళు. కెటిల్ పైట చాటున పెట్టుకుని స్వరూప ఇంటికి నడిచాను. ఇక్కడ ఇళ్ళకు తలుపులు ఉండవు, గోనె తెరలే. ఆమె జొన్న మడిలో ఉంది, పిల్లలు బడిలో ఉన్నారు. పొయ్యి పక్కన ఎత్తు మీద కుండ. దానికి తెల్లని బట్ట, చుట్టూ దారం.

నా ఆలోచన ఏమిటో దాచను. నాకు లేనిది ఆమెకు ఉండకూడదు. మరిగే నీళ్ళు పోస్తే రెండు నిమిషాల్లో అంతా చచ్చిపోతుంది. ఎవరికీ తెలియదు. కుండలు అప్పుడప్పుడు చస్తూనే ఉంటాయి. ఆమె మళ్ళీ గోడ పట్టుకుని నడుస్తుంది. నేను తెర సందులోంచి చూస్తాను.

దారం విప్పాను. బట్ట తీశాను.

వాము వాసన.

కెటిల్ కింద పెట్టాను. ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు. చెయ్యి కుండలో ఉంది, మోచేతి దాకా ఉంది. చల్లగా ఉంది. చేత్తో తీసి తాగాను, మళ్ళీ తీశాను. గడ్డం మీంచి కారింది, జాకెట్ తడిసింది. పులుపు నాలుకను పట్టి లాగింది. జొన్న పలుకులు పంటికి తగిలాయి. ఎన్ని దోసిళ్ళో లెక్క పెట్టలేదు.

"పెద్దమ్మా."

స్వరూప తెర దగ్గర నిలబడి ఉంది. నీళ్ళ డబ్బా మూత కోసం వచ్చిందట. నా నోటి నిండా అంబలి. ఆమె నన్ను చూసింది, కుండను చూసింది, కింద పొగలు కక్కుతున్న కెటిల్‌ను చూసింది. ఆమె తెలివితక్కువది కాదు.

"పొయ్యనీకె వచ్చినవా?"

మింగాను. "ఆ."

"మరి పొయ్యకపోతివి?"

"వాము వేసినవ్."

ఆమె గడప మీద కూలబడింది. తరవాత గిన్నె తీసి నా వైపు నేల మీద తోసింది. "గిన్నెల పోస్కొని కూసొని తిను. నిలబడి తింటె రూతమ్మ తిడ్తది."

నాకు ఒళ్ళు మండింది. మంచితనం చూపిస్తోంది నా మీద. "నా బిడ్డ నీ వంతుకు పోయింది," అన్నాను.

"పోయింది."

"నువ్వు పోవాల్సింది."

"నేనే పోవాల్సింది, పెద్దమ్మా. గా రోజు నాకు ఎర్ర రాకుంటె నేనే పోదును. ఇప్పుడు రోజు పచ్చ వస్తది సూడు, గా దీపం వెలిగినప్పుడల్లా మొకం తిప్పుకుంట. ఊదకుంట ఉండనీకె లేదు, పిల్లలకు పిండి రావాలె." గొంతు పెంచింది. "నువ్వన్న ఏడ్వచ్చు. తల్లివి. నేనెట్ల ఏడుస్త? ఆమె నాకేమైతది? దోస్తు. దోస్తుకు పదకొండొద్దులు సెలవిస్తరా? మర్నాడే డ్యూటీ ఎక్కిన."

"పాటలు పాడుతున్నవ్ గదా."

"ఆమె పాడేటిదే. నాకు వేరే పాట రాదు."

గిన్నె దగ్గరికి లాక్కుని అంబలి పోసుకున్నాను.

"ఇంకోటి చెప్త విను," అంది ముక్కు తుడుచుకుంటూ. "నీ మీద నాకెంత కుళ్ళో నీకెర్కనా? మోరీల నువ్వు పోసింది చింతపండు నీళ్ళని నాకు గప్పుడే తెలిసింది. వాసన తెల్వదా? అసలు కుండ దాచుకున్నవ్ అనుకున్న. నా దాంట్ల రోజు నా చెయ్యి పడి, పిల్లల చెయ్యి పడి, ఆమెది ఎంత మిగిలిందో ఏమో. నీ దాంట్ల ఆమె ఒక్కతే ఉంటది. గరిటెడు ఇయ్యవా అని అడుగుదామని నాలుగు సార్లు నీ తెర దాక వచ్చిన. నువ్వు చెంబు తిప్పి పంపినంక అడగబుద్ధి కాలే."

నా కుండ మీద ఆమెకు కుళ్ళు. ఆమె కుండ మీద నాకు.

గిన్నె కింద పెట్టాను. చెప్పకపోతే ఏమీ కాదు. ఆమె జీవితాంతం నా కుండను చూసి కుళ్ళుకుంటూనే ఉంటుంది. ఒక్క క్షణం, నిజంగా, అలా వదిలేద్దామనిపించింది. నాకు అదొక్కటే మిగిలింది.

"నాది సచ్చిపోయింది, స్వరూపా," అన్నాను. "నేను చెయ్యి పెట్టలే."

ఆమె నా పక్కకు జరిగింది. ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆమె షిఫ్టుకు ఆలస్యమైంది. కెటిల్‌లో నీళ్ళు చల్లారాయి.

తిన్నది: స్వరూప కుండలోది. చాలా.

10వ రోజు

ఎరుపు. పదోది. ఒక్క పూట తాగితే దీపం మారదని సమ్మయ్య అన్నాడు. "రేపు సూద్దాం అత్తా," అన్నాడు, మొదటిసారి నా మొహం చూస్తూ.

వాళ్ళు వచ్చేలోపే కుండ నేనే మోసుకుపోయాను. మోరీ దగ్గరికి ఆడవాళ్ళను పిలిచింది స్వరూప. పట్టుమని పదిమంది వచ్చారు. చున్నీ విప్పగానే అందరూ ముక్కులకు పైటలు అడ్డం పెట్టుకున్నారు. ఆనాడు నేను పోసింది ఇది కాదని, అవి చింతపండు నీళ్ళని చెప్పాను. తిడతారనుకున్నాను. పద్ధతి తప్పినదాన్ని.

మల్లవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గందుకేనా! గా రోజు నుంచి మోరీ తళతళ మెరుస్తుంది. నేను కంపెనోళ్ళు కడిగిర్రనుకున్న."

నవ్వారు. నేను కూడా నవ్వాను అనుకుంటాను, ఏడుపులో కలిసి తెలియలేదు. ఒంపాను. నల్లగా, గడ్డలు గడ్డలుగా పడింది. పడుతున్నంత సేపూ నా చేతులు కుండను వదలలేదు, స్వరూప నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

రూతమ్మ ఇద్దరితో వచ్చింది. మోరీ చూసింది, కుండ చూసింది. "వంటింట్ల ఏమన్న ఉన్నదా?" అంది. "లేదు," అన్నాను. పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

తరవాత పద్ధతి ప్రకారం స్వరూప చెంబు తెచ్చింది. ఈసారి గడప లోపలికి రమ్మన్నాను. జొన్న అంబలి కాచి చల్లార్చి ఉంచాను. గరిటెడు పోసింది. చెయ్యి పెట్టమంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కుండలోకి లాగాను. ఇద్దరి చేతులతో కలిపాం. వాము నేను వేశాను. రెండు చిటికెలే.

19వ రోజు

తిన్నది: అంబలి రెండు గిన్నెలు, ఉల్లిగడ్డతో. స్వరూప గడప మీద కూర్చుని తిన్నాను.
కడుపు: పొద్దున పిలిచింది. వరసలో నిలబడి మరీ పోయివచ్చాను.
సత్తువ: మెట్ల దగ్గర ఆగలేదు.
పులుపు ఎవరిది: స్వరూపది.

ఆఖరి గడి నింపడానికి ఒక పూట పట్టింది. కలం పెట్టాను, తీశాను. ఏ ఇంట్లో తెచ్చుకుంటే ఆ పేరు. పద్ధతి అది. రాశాను.

ఈ రోజు పసుపు. ఎన్నాళ్ళకో. పుట్టగొడుగుల చీటీ ఇస్తూ సమ్మయ్య దీపాన్ని రెండుసార్లు తట్టి చూశాడు, నిజమేనా అని. నా వెనక స్వరూపకు పచ్చ. నాకు ఇప్పటికీ మంటే. కొంచెం తగ్గింది గానీ మంటే.

పుస్తకం ఇవ్వడానికి పోతే రూతమ్మ పైన గళ్ళు చూసి నవ్వింది. "మీ ఇద్దరితోని నాకు మంచిగున్నది," అంది. స్వరూప పుస్తకం తీసి నా ముందు తెరిచింది. వేరేవాళ్ళ పుస్తకం చూపించకూడదు. "పైన నాలుగు గళ్ళే సూడు. కిందికి పోకు," అంది.

మొదటి పేజీ మూడు నెలల కిందటిది. నవనీత అప్పటికి బతికి ఉంది. పులుపు ఎవరిది అన్న చోట స్వరూప గుండ్రటి అక్షరాలతో రాసింది: ఓదెమ్మ పెద్దమ్మది. రెండో పేజీ, అదే. నవనీత పోయిన రోజు, అదే. నేను చెంబు తిప్పి పంపిన రోజు, అదే. నేను మరుగుదొడ్డి వరస నుంచి వచ్చేసిన రోజు కూడా అదే.

జొన్న మడి దగ్గరికి పోయి స్వరూపను అడిగాను, ఇదేంది పిల్లా అని. ఆమె డబ్బా కింద దించి చెమట తుడుచుకుంది. "ఆమె ఇచ్చినప్పుడు గట్లనే చెప్పింది. 'అక్కా, ఇది నాది గాదు, మా అమ్మ చెయ్యి. మొదలు వెట్టింది మా అమ్మనే, నేను కలుపుడే. జర పైలం,' అన్నది. నాకేం తెల్సు, చెప్పింది రాసిన."

పదేళ్ళు అది కలిపింది నా చేతిని. ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు. పోరికి నన్ను పొగడడం రాదు.

తిరిగి రూతమ్మ దగ్గరికి పోయి పుస్తకం అడిగి తీసుకున్నాను. గడిలో ఏం పెట్టాలి, మూడు పేర్లు పెట్టనా అన్నాను.

"గడి చిన్నగున్నదక్కా. ఒక్క పేరే పడ్తది."

కొట్టెయ్యనా అని చూశాను. కొట్టెయ్యలేదు. స్వరూపది అనే ఉంచాను.